తూర్పు వరస పెట్టెలు

"ఒసే అనూ, ఎన్ని కడుగులు కడిగినావే బియ్యం?"

"రెండు."

"మూడు కడగమని ఎన్నిసార్లు సెప్పాల నీకు?"

"రెండో కడుగుకే నీళ్ళు తేటగా వచ్చేశాయమ్మా. మూడోది దేనికి, కుళాయికి పుణ్యం రావడానికా?"

లక్ష్మణమ్మ కూతురితో ఇక వాదించలేదు. పొయ్యి మీది గిన్నె దింపి, నీళ్ళు వంపేసి, మూడో కడుగు తనే కడిగింది. "మా అత్త మూడన్నాది, నేను మూడంటన్నాను. నీ ఇంటికెళ్ళాక అసలు కడక్కుండానే వండుకో, నాకేటి!" అంది. అనూరాధ మూతను గిన్నె మీద కాస్త గట్టిగానే పెట్టింది.

ముందు గదిలో పేపరు చదువుతున్న అరుణశ్రీ తలెత్తలేదు. "అత్తయ్య గెలిచారు. అనూ, గేటు దగ్గర ఒకామె పావుగంట నుంచీ నిలబడి ఉంది. లోపలికి రమ్మను. ఇంత వర్షంలో చెప్పుల్లేకుండా వచ్చింది. చూపుడువేలు వాచి ఉంది, గోళ్ళలో మైనం ఉంది. తేనెటీగల దగ్గర పనిచేసే మనిషిలా ఉంది."

అనూరాధ వదినకేసి చూసి, గేటుకేసి చూసింది. ఇద్దరి కళ్ళూ ఒకటే చూస్తాయి. వదినకి కనిపించింది తనకెందుకు కనిపించదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. అరుణశ్రీ పదేళ్ళపాటు ఒక బీమా కంపెనీలో క్లెయిముల నిజానిజాలు తేల్చిన మనిషి. నాలుగేళ్ళ క్రితం ఆ ఉద్యోగం మానేసి శ్రీకాకుళంలో తమ ఇంటి ముందు గదికే డిటెక్టివ్ బోర్డు తగిలించింది. డిగ్రీ అయిపోయిన ఆడపడుచు నోటుబుక్కు పట్టుకుని వెంట తిరుగుతుంది.

వచ్చినామె పేరు యమున. కుర్చీ చూపించినా కూచోలేదు.

"మా ఆయన పేరు కొండబాబండి. మాది కళింగపట్నం పేట. ముందు సముద్రం మీద ఏటకెళ్ళీవోడు. మూడేళ్ళయ్యింది, నారాయణమూర్తి మేస్టారి జీడితోటలో తేనెపెట్టెల పనికొచ్చీసినాం. గురువారం నుంచీ ఈగలు రాలిపోతన్నాయి. మా ఆయనే మేతలో ఇసం కలిపీసినాడంటన్నారు. ఈ సాయంత్రం పోలీసులకి కాయితం ఇచ్చీస్తారట."

"మీ ఆయనే అని ఎవరంటున్నారు?"

"మేస్టారి కొడుకు దేవేంద్రబాబు. పెట్టెలు తెరిసీది మా ఆయనొక్కడే కదా. కొత్త పట్టులేస్తే అందులో మాకూ రెండు ఇమ్మని కితం నెల అడిగినాడు. బాబు కాదన్నాడు. ఆ కడుపుమంటతో సేసినాడంట." యమున కొంగుతో ముఖం తుడుచుకుంది. "పేటలో అప్పుడే తెలిసిపోనాది. అన్నం పెట్టినోళ్ళ కూట్లో ఇసం కలిపినోడిని బోటెక్కనిచ్చీది లేదని పెద్దలు అనీసినారు. ఇక్కడా పనుండదు, అక్కడా ఉండదు. ఏటి సేసుకుని బతకాలండి?"

అరుణశ్రీ పేపరు మడిచింది. "అత్తయ్యా, మాకు భోజనం వద్దు" అని లోపలికి కేకేసింది.

"మూడు కడుగులూ నేనే తినాలేటి?" అని లోపలి నుంచి జవాబొచ్చింది.

*

జీడితోట కళింగపట్నానికి నాలుగు మైళ్ళ ఇవతల ఉంది. వాన వెలిసినా చెట్లు కారుతూనే ఉన్నాయి. ఇంటి వెనక పధ్నాలుగు పెట్టెలు తూర్పు నుంచి పడమరకి ఒకే వరసలో ఉన్నాయి. పడమటి కొసన గట్టు దాటితే జగన్నాధం అనే రైతు మొక్కజొన్న చేను.

దేవేంద్ర వాళ్ళకి ఎదురొచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఫోను మోగుతూనే ఉంది. అనూరాధకి అతను మొదటి చూపులోనే నచ్చలేదు. "రొయ్యల చెరువు సంగతి తర్వాత మాట్లాడదాం" అని ఫోనులో అన్న ముక్క ఆమె చెవిన పడింది. తేనెపెట్టెలు పోతే ఈ నేల చెరువులకి ఖాళీ అవుతుంది కదా అనుకుని ఆ మాట నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీసింది.

"డిటెక్టివ్‌ని పిలిపించుకునేంత ఉందన్నమాట కొండబాబు దగ్గర!" అన్నాడు దేవేంద్ర.

"అతని దగ్గర ఏముందో చూడ్డానికే వచ్చాను" అంది అరుణశ్రీ. "మీ పొరుగు చేనుకి మందు కొట్టారా ఈమధ్య?"

"కొట్టలేదన్నాడు జగన్నాధం. ఆ మాట అబద్ధమేమోనని నేనూ మొదట అనుకున్నాను."

అరుణశ్రీ వరస మొత్తం ఒక్కొక్క పెట్టె దగ్గరా ఆగుతూ నడిచింది. తూర్పు చివరి నుంచి తొమ్మిది పెట్టెల ముందు తడినేల మీద చచ్చిన ఈగలు ఊకలా పరుచుకుని ఉన్నాయి. పదో పెట్టె నుంచి పడమటి కొస దాకా అయిదింటిలోనూ ఈగలు మామూలుగా వస్తున్నాయి, పోతున్నాయి.

"జగన్నాధం అబద్ధమాడలేదు. గాలిలో మందొస్తే ముందు చావాల్సినవి గట్టు పక్క పెట్టెలు. అవే బతికున్నాయి" అందామె.

మూడో పెట్టె కింద మేత ముద్ద నుంచి రాలిన పొడి ఉంది. అరుణశ్రీ వంగి ఒక చెంచాతో దాన్ని కాగితంలోకి తీసుకుంది. పొడి చుట్టూ చీమలున్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

దేవేంద్ర భార్య పద్మకుమారి అరుగు మీద కూచుని ఉంది. ఈ పెట్టెలు ఆమెవి. శిక్షణకి వెళ్ళి నేర్చుకుని, రెండు పెట్టెలతో మొదలుపెట్టి పధ్నాలుగు చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ముసురు రోజుల్లో పువ్వుల్లో పుప్పొడి దొరకదండి. పుప్పొడి లేకపోతే పిల్ల ఈగలు బతకవు, ఈగలు పట్టు వదిలేసి ఎగిరిపోతాయి. అందుకని పుప్పొడికి బదులు మేత నేనే తయారు చేస్తాను. పుట్నాల పొడి, పాలపొడి, పంచదార పొడి, కాస్త ఈస్టు కలిపి డబ్బాలో పోసి ఉంచుతాను. పెట్టే రోజున కొండబాబు అందులో తేనె కలిపి ముద్దలు చేసి, కాగితం మీద అద్ది పెట్టెలోపల పట్టు కట్టే చట్రాల పైన పెడతాడు."

"డబ్బా ఎక్కడుంటుంది?"

పద్మకుమారి నడవాలో గూడు చూపించింది. మూరెడెత్తు రేకు డబ్బా. పక్కన స్కెచ్ పెన్నుతో గీసిన గీత ఉంది.

"ఒకసారి మేత పెట్టాక ఎంత మిగిలిందో అక్కడికి గీస్తాను. కితంసారి పెట్టి నెల దాటింది. సోమవారం తీసినప్పుడు పిండి సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంది. చెంచాడు కూడా ఎవరూ తీయలేదు."

"చెంచాడు కూడా తీయలేదని కాదు. చెంచాడు కూడా తగ్గలేదని" అంది అరుణశ్రీ. ఆ రెండింటికీ తేడా ఏమిటో అనూరాధకి బోధపడలేదు. అయినా రాసుకుంది.

కొండబాబు పాకలో గోడకానుకుని కూచున్నాడు. నలభై ఏళ్ళ మనిషి. అరచేతుల మీద తాళ్ళు కోసిన పాత గీతలు ఇంకా ఉన్నాయి.

"మేత ఎటు నుంచి పెడతావు కొండబాబూ?"

"పొద్దు పొడిసే దిక్కు నుంచండి. వల ఏసినా పెట్టె తెరిసినా అటే మొదలు నాకు."

"సోమవారం కూడా?"

"సోమారం కూడా."

"డబ్బాలో పిండి కలియబెట్టి తీశావా, పైనుంచి తీశావా?"

"పైనుంచే తోడుకున్నానండి." కాసేపు ఆలోచించాడు. "ముందు సేసిన ముద్దలు ఎర్రగా, నల్ల సుక్కల్తో వచ్చినాయి. ఆకరి అయిదారూ ఎప్పట్లాగే పసుపచ్చగా వచ్చినాయి. అమ్మగారు రెండు రకాల పిండి కలిపినారేమో అనుకున్నాను. అడగాల్సింది. అడగలేదు."

"నువ్వు విషం కలిపావా?"

అతను ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. "సముద్రం మీద పదేళ్ళు సేపల్ని సంపినానండి, తిండికోసం. తిండి పెట్టి సంపడం నాకు తెల్దు."

*

వంటింట్లో మేస్టారి భార్య ధనలక్ష్మి శనగపప్పు కడుగుతోంది. వాళ్ళిద్దరూ మధ్యాహ్నం భోజనానికి ఉండి తీరాలని పట్టుబట్టింది. గిన్నెలో నీళ్ళు పాలవిరుగుడులా తెల్లగా వచ్చాయి. వంపేసి మళ్ళీ పోసింది.

"మూడు కడుగులా పిన్నిగారూ?" అంది అనూరాధ, పొద్దుటి గొడవ గుర్తొచ్చి.

"మూడు కడగాల్సిందే తల్లీ. పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ పట్టించి దాస్తాను కదా, రెండు కడుగులకి పోదది."

అనూరాధకి నవ్వొచ్చింది. ఈ సంగతి అమ్మ ముందే చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది.

అరుణశ్రీ నవ్వలేదు. గోడకి తగిలించిన మూకుడు కేసి చూస్తోంది. "దీని అడుగు మాడిందేమండీ?"

"నన్నడుగుతావేటమ్మా! పోయిన ఆదివారం మేమంతా నౌపడలో పెళ్ళికెళ్ళినాం. ఈయనొక్కరే మోకాళ్ళ నొప్పని ఉండిపోనారు. వచ్చి సూస్తే మూకుడు బొగ్గులా ఉంది. యమునని అడిగితే తనకి తెల్దంటది."

గుమ్మం అవతల నిలబడ్డ యమున వెంటనే అందుకుంది. "నాకేటి తెలుసండి? ఆ మద్దినేళ పప్పు మాడిన కంపొచ్చినాది. మీరే తొరగా వచ్చీసినారనుకున్నాను."

"మేం దీపాలేళకి గానీ రాలేదు."

"మేస్టారికి ఒంట్లో ఎలా ఉంటోంది?" అని అరుణశ్రీ మాట మార్చింది.

"మోకాళ్ళకేం గానీ, సుగరే అంతు సిక్కడం లేదు. నెల్లాళ్ళుగా మూడొందలకి దిగనంటోంది. పంచదార బీరువాలో పెట్టి తాళం నా కొంగున కట్టుకున్నాను. కాఫీలో కూడా వెయ్యడం లేదు. డాక్టరు నన్నే తిట్టినాడు, నువ్వే పెడతన్నావని."

నారాయణమూర్తి మేస్టారు నడవాలో పడక్కుర్చీలో ఉన్నారు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయిన మనిషి. మాట తూచి మాట్లాడతారని ఊళ్ళో పేరు. పక్కన స్టూలు మీద మూసిన పుస్తకం. అట్ట అంచు మీద చీమలు బారుగా పాకుతున్నాయి. అనూరాధ వాటిని విదిలించబోతే ఆయనే పుస్తకం తీసి అవతల పెట్టారు.

"మీరు కొండబాబుని అనుమానిస్తున్నారా మేస్టారూ?" అని అడిగింది అరుణశ్రీ.

"వాడే అని నేననలేదు."

"కాడని అన్నారా?"

ఆయన పుస్తకాన్ని ఇంకాస్త అవతలికి జరిపారు.

దేవేంద్ర కాగితం తెచ్చి ముందు పెట్టాడు. "నాన్నా, తోట మీ పేరున ఉంది. ఫిర్యాదు మీద మీ సంతకమే కావాలి. రెండు రోజులుగా అడుగుతున్నాను."

"కళ్ళజోడు కనబడటం లేదురా."

"నిన్నా అదే అన్నారు."

"నిన్నా కనబడలేదు."

అరుణశ్రీ ఆయన చొక్కా జేబుకేసి ఒక్క క్షణం చూసి, పెరట్లోకి నడిచింది. అనూరాధ వెనకే వచ్చి గుసగుసగా అంది: "వదినా, నాకు దేవేంద్ర మీదే ఉంది. రొయ్యల చెరువు."

"అతనికి చెరువు కావాలంటే తోట రాసివ్వాల్సింది మేస్టారు. ఈగలు చస్తే మేస్టారి మనసు మారుతుందా? నువ్వు ఊళ్ళో మందుల షాపుకెళ్ళి సర్జికల్ స్పిరిట్ సీసా పట్రా. పద్మకుమారిని అడిగి పధ్నాలుగో పెట్టెలో మిగిలిన ముద్ద ముక్క కూడా తియ్యి. మూడో పెట్టె పొడి దానికి తగలనీకు."

*

మధ్యాహ్నం ఒంటిగంటకి నడవాలో చాపలు పరిచారు. అరుణశ్రీ కొండబాబునీ యముననీ లోపలికి పిలిపించింది. దేవేంద్ర నుదురు చిట్లించాడు గానీ అతని భార్యే వాళ్ళకి చాప జరిపింది. యమున భర్త పక్కన ముడుచుకుని కూచుంది. కంచాలు వేసి ఉన్నాయి, వడ్డన ఇంకా మొదలవలేదు.

"అన్నం చల్లారకుండా పావుగంటలో ముగిస్తాను" అంది అరుణశ్రీ. "అనూ, తలుపు వెయ్యి. వెలుతురు తగ్గాలి."

ఆమె ముందు రెండు స్టీలు పళ్ళేలు ఉన్నాయి. ఒక్కొక్క మేత ముక్కనీ స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డలో వడగట్టి వేరువేరుగా పోసింది. "ఇది పధ్నాలుగో పెట్టె మేత" అని మొదటిది అంటించింది. స్పిరిట్ పలచని నీలంగా, అంచున పసుపుగా కాలింది. "ఇది మూడో పెట్టెది."

రెండో పళ్ళెంలో మంట లేచింది. దాని అంచులు లేత అరటాకు రంగులో పచ్చగా ఆడాయి. ధనలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఈ పచ్చ రంగు బోరిక్ పౌడర్‌ది. చేలల్లో కొట్టే మందు ఏదీ కాదు. ఈ ఇంట్లో ఆ పౌడర్ ఉండేది ఒకే చోట, వంటింట్లో పప్పు డబ్బాలో. మనం పప్పు కడుక్కుని తింటాం గనక మనకేం కాదు. ఈగ తింటే రెండు మూడు రోజుల్లో పోతుంది. చీమ కూడా."

"అయితే కొండబాబు వంటింట్లోకెళ్ళి..." అంటూ దేవేంద్ర లేచాడు.

"కూచోండి. పౌడర్ ఒక్కటే తెచ్చి కలిపితే పిండి రంగు మారదు. ముందు చేసిన ముద్దలు ఎర్రగా, నల్ల చుక్కలతో ఉన్నాయి. కొట్లో కొన్న పుట్నాలు అలా ఉండవు. ఎవరో పచ్చి శనగపప్పుని ఇంట్లో వేయించారు. వేయించడం చేతకాక మాడ్చారు. మిక్సీలో పొడి చేసి డబ్బాలో పోశారు. పైన పోశారు గనక పైపొరలో ఉంది. కొండబాబు పైనుంచి తోడుకుని తూర్పు నుంచి పెట్టాడు. అందుకే తూర్పు తొమ్మిది పెట్టెలూ చచ్చాయి, అడుగున ఉన్న మంచి పిండి తిన్న అయిదూ బతికాయి. విషం పెట్టదలచినవాడు అయిదింటిని ఎందుకు వదులుతాడు?"

పద్మకుమారి ముందుకి వంగింది. "కానీ పిండి గీత దగ్గరే ఉందండి. పైన పోస్తే గీత దాటాలి కదా?"

"దాటాలి. దాటలేదంటే, అంతకు ముందే అంత పిండి ఖాళీ అయి ఉండాలి. ఎవరో నెల రోజులుగా రోజుకింత తీసుకున్నారు. పుట్నాల పొడి, పాలపొడి, పంచదార. అది ఈగలకి మేత. మనకైతే నెయ్యి వెయ్యని సున్నుండ." అరుణశ్రీ గొంతు కాస్త మెత్తబడింది. "ఆ తీసుకున్నవారికి చెడు ఉద్దేశం లేదు. ఈగల తిండి తిన్నానని సిగ్గుపడి, అంతా పెళ్ళికెళ్ళిన రోజు తిన్నంతా తిరిగి పోశారు. పప్పు వేయించే ముందు కడిగి ఆరబెట్టాలని ఆయనకి తెలియదు. వంటింటి గడప ఎప్పుడూ తొక్కని మనిషికే అది తెలియదు. ఈ ఇంట్లో ఏ ఆడమనిషీ కడక్కుండా పొడి చెయ్యదు."

వానచినుకులు మళ్ళీ మొదలైనట్టు పెంకుల మీద చప్పుడైంది.

"మేస్టారూ, కళ్ళజోడు మీ చొక్కా జేబులో ఉంది. పొద్దున్నే చూశాను. ఫిర్యాదు మీద సంతకం పెట్టలేక రెండు రోజులుగా దాన్ని దాచుకున్నారు. ఆ ఒక్క పనివల్లే నాకు మీ మీద గౌరవం పోలేదు."

నారాయణమూర్తి మెల్లగా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. కాగితం అందుకుని మొదటి నుంచి చివర దాకా చదివారు, పిల్లవాడి పరీక్ష పేపరు చదివినట్టు. తర్వాత నాలుగు మడతలు పెట్టి చింపారు.

"పప్పులో మందుందని నాకు తెలియదమ్మా" అన్నారు. "కానీ నేను పోసిన పిండి వల్లే ఏదో జరిగిందని గురువారం సాయంత్రమే తెలిసింది. చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పను? డెబ్భై ఏళ్ళవాడు చెంచా పట్టుకుని ఈగల డబ్బాలో చెయ్యి పెట్టాడని చెప్పనా? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేసరికి వీడి పేరు ఊరంతా పాకింది."

"నెల్లాళ్ళు!" అంది ధనలక్ష్మి. "పంచదార తాళం కొంగున కట్టుకుని తిరిగినాను నేను పిచ్చిదాన్నై! ఆ డాక్టరు నన్ను అన్నన్ని మాటలంటే పక్కనే కూచుని విన్నారు కదా మీరు!"

"విన్నాను."

"సంబడం!" అని ఆమె విసురుగా లేచి వడ్డన మొదలుపెట్టింది. కోపంలో కూడా ఆమె మొదట వడ్డించింది కొండబాబు కంచంలో.

దేవేంద్ర తల దించుకుని గొంతు సవరించుకున్నాడు. "కొండబాబూ, నేను... అలా అనేసి ఉండకూడదు. పోనీలే, ఇక్కడితో అయిపోయింది. నువ్వు పని చేసుకో."

కొండబాబు అన్నం ముట్టలేదు. "ఇక్కడితో అయిపోనాది బాబూ. పేటలో అవలేదు."

"ఫోను చేసి చెప్తాను మీ పెద్దలకి."

"ఫోనులో ఎవలు నమ్ముతారండి? డబ్బిచ్చి సెప్పించుకున్నాడంటారు."

అనూరాధ వదినకేసి చూసింది. అరుణశ్రీ పప్పు కలుపుకుంటోంది. తన పని అయిపోయిందన్నట్టు ఆమె ముఖంలో ఏమీ లేదు. మూడు కడుగుల పప్పు, అనుకుంది అనూరాధ. నోటుబుక్కులో దేవేంద్ర పేరు కింద గీసిన రెండు గీతలూ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

మేస్టారు కంచం ముందు నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గొంతు పెంచలేదు. బడిలో ప్రార్థన తర్వాత ఏదైనా చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన అలాగే మాట్లాడేవారట.

"రేపు పొద్దున్న నేను కళింగపట్నం వెళ్తాను. బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి, అందరూ ఉండగా, పెద్దల ముందు నిలబడి చెబుతాను. ఏం తిన్నానో, ఎలా తిన్నానో, ఎవరి మీదకి పోనిచ్చానో అంతా చెబుతాను."

"నాన్నా, మీరు హెడ్మాస్టరు చేసిన మనిషి. సగం పేట మీ దగ్గర చదువుకున్నదే. వాళ్ళ ముందు ఈ మాట..."

"వాళ్ళ ముందే చెప్పాలి. అబద్ధమాడితే గోడకుర్చీ వేయించింది వాళ్ళచేతే." ఆయన కోడలికేసి తిరిగారు. "అమ్మా పద్మా, పెట్టెలు నీవి. చచ్చిన తొమ్మిది పట్టులూ మళ్ళీ నింపడం నా బాధ్యత. కానీ కొత్త పట్టుల్లో రెండు కొండబాబుకివ్వాలని నా కోరిక. అది నువ్వు చెప్పాలి."

"రెండు కాదు మావయ్యా, మూడు. కితం నెల అతను అడిగినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు." ఆమె గూటిలోని డబ్బాకేసి చూసింది. "మేత డబ్బాకి ఇవాళే తాళం వేయిస్తాను. తాళంచెవి కొండబాబు దగ్గర ఉంటుంది."

"ఉండాల్సిందే" అన్నారు మేస్టారు.

కొండబాబు మేస్టారి మోకాళ్ళకేసి చూశాడు. "రేపు బస్సెందుకు మేస్టారూ, మోకాళ్ళ నొప్పులతోటి" అన్నాడు. "నా బండి మీద తీసుకెళ్తాను. దారిలో మిఠాయి కొట్టు కాడ మాత్రం ఆపను."

ధనలక్ష్మి గరిటె పట్టుకుని ఎటో తిరిగి నవ్వు ఆపుకుంది. మేస్టారు నవ్వలేదు. "ఆపకు" అన్నారు.

పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని యమున, అప్పుడు కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకుంది.